సోలార్ ప్యానెల్‌కి ఎండ తగిలే చోట కుండీనే పెట్టేయకూడదా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్. బాల్కనీ ఉత్తరం వైపు, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ గోడ. కొత్తిమీర వేస్తే దారంలా జానెడు సాగి వాలిపోతోంది. తోటలో గుచ్చుకునే చిన్న సోలార్ దీపాలు ఓ ఎనిమిది కొని, విప్పి, వాటిలోని రీఛార్జబుల్ సెల్స్‌తో మొక్కలకు లైటు చేసుకోవచ్చా? ఖర్చు తక్కువలో అయిపోవాలి.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ ఎనిమిదీ కొనకండమ్మా. ఇప్పటికే కొనేసి ఉంటే విప్పకుండా అలాగే కుండీల్లో గుచ్చేయండి, పండగలకి అందంగా ఉంటాయి. వాటిలో సాధారణంగా ఉండేది 1.2 వోల్టుల పెన్సిల్ సెల్, 600 ఎంఏహెచ్. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే 0.72 వాట్ అవర్లు (ఒక వాట్ లైటు గంటసేపు వెలగడానికి పట్టేది ఒక వాట్ అవర్). ఎనిమిదీ కలిపినా ఆరుకి చేరదు. దాంతో 10 వాట్ల లైటు అరగంట వెలిగి ఆరిపోతుంది.

10 వాట్లే ఎందుకంటారా? మంచి తెల్ల ఎల్‌ఈడీ 10 వాట్లకి సుమారు వెయ్యి ల్యూమెన్లు, అంటే అంత మొత్తం వెలుగు, ఇస్తుంది. అదంతా ఒక చదరపు అడుగు ట్రేలో పడితే పదివేల లక్స్ పైచిలుకు (ఒక చదరపు మీటరు మీద ఎన్ని ల్యూమెన్లు పడితే అన్ని లక్స్). ఆకుకూరకి రోజూ పది, పన్నెండు గంటలు ఆ వెలుగుంటే చాలు, తిన్నగా నిలబడుతుంది. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని మీరే చూడండి. రాత్రి ట్యూబ్‌లైటు కింద రెండొందలో మూడొందలో చూపిస్తుంది, మధ్యాహ్నం టెర్రస్ మీద లక్షకి దగ్గర పడుతుంది. మన కంటికి రెండూ వెలుతురే. కొత్తిమీరకి మొదటిది చీకటి కిందే లెక్క.

10 వాట్లు, 12 గంటలు అంటే రోజుకి 120 వాట్ అవర్లు. 20 వాట్ల ప్యానెల్ బాగా ఎండ కాసిన రోజున, నష్టాలన్నీ పోను చేతికిచ్చేది 60, 70. అంటే ఒక్క చదరపు అడుగు కొత్తిమీరకి 40 వాట్ల ప్యానెల్ కావాలన్నమాట. ఎందుకంటే ప్యానెల్ తన మీద పడ్డ ఎండలో సుమారు ఐదో వంతే కరెంటుగా మారుస్తుంది. అందులో కొంత బ్యాటరీ తింటుంది, కొంత ఎల్‌ఈడీ వేడిగా పోగొడుతుంది. మరి ప్యానెల్ పెట్టడానికి ఎండ తగిలే చోటంటూ ఉంటే, కుండీనే తీసుకెళ్లి అక్కడ పెట్టకూడదా? ఇలాంటి లైట్లు నాలుగు చేసినవాణ్ణి, నేనే అడుగుతున్నాను.

కుదరకపోవడానికి కారణాలుంటాయి, తెలుసు. కోతులు, అసోసియేషన్ వాళ్లు, రోజూ నీళ్లు మోయలేని మోకాళ్లు. అలాగైతే రెండో దారి, మామూలు ప్లగ్గు. నెలకి 3.6 యూనిట్లు. యూనిట్ ఐదు రూపాయలు వేసుకున్నా 18 రూపాయలు. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే ఇల్లయితే, 200 యూనిట్లు దాటనంత వరకు ఆ 18 కూడా లేవు. ఏ బ్యాటరీ కొన్నా దాని డబ్బు ఈ లెక్కన వెనక్కి రావడానికి ఏళ్లు పడుతుంది. మా ఆవిడకి ఇదంతా వివరిస్తే, “మరి మీరెందుకు చేశారు?” అంది. సరదాకి. ఆ సరదా మీకూ ఉంటే చదవండి, లేకపోతే ఇక్కడితో ఆపేసి ఒక ఎల్‌ఈడీ బల్బు తగిలించుకోండి.

బ్యాటరీ సంగతి ముందు. నేను మొదట పాత లాప్‌టాప్ బ్యాటరీ చీల్చి సెల్స్ తీశాను. ఆరింట్లో ఐదు బాగానే ఉన్నాయి. ఆరోది ఛార్జింగ్‌లో ఉండగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. పటకారతో పట్టి ఇసుక బకెట్లో వేసి, ఆ రాత్రంతా బాల్కనీ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ టెన్షన్ మీకొద్దు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ నాలుగు వరసగా కలిపి, బీఎంఎస్ బోర్డుతో (సెల్స్ మితిమీరి ఛార్జ్ అవకుండా, పూర్తిగా ఖాళీ అవకుండా కాపాడే బోర్డు) సహా బిగించిన ప్యాక్ కొనండి. 12.8 వోల్టులు, 6 ఏహెచ్ అయితే 77 వాట్ అవర్ల దాకా వస్తాయి. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ చవకే గానీ, సగానికి మించి వాడేస్తూ పోతే త్వరగా చస్తుంది. ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు సర్ది పంపే ఛార్జ్ కంట్రోలర్ కొనేటప్పుడు మీ బ్యాటరీ రకానికి సెట్టింగ్ ఉందో లేదో అడగండి. ముందు బ్యాటరీ వైర్లు బిగించి, ఆ తర్వాతే ప్యానెల్ వైర్లు బిగించాలి. విప్పేటప్పుడు తలకిందులు. బ్యాటరీ ప్లస్ వైరు మీద ఒక ఫ్యూజు పెట్టడం మర్చిపోకండి.

ప్యానెల్ టెర్రస్ మీద, కంట్రోలర్, బ్యాటరీ మొక్కల పక్కన ఉండాలి. బ్యాటరీని కూడా పైనే వదిలేసి సన్న వైరుతో కింద లైట్లు వెలిగిస్తే దారిలోనే వోల్టేజి పడిపోయి దీపం గుడ్డిగా వెలుగుతుంది. ప్యానెల్ దక్షిణం వైపు చూస్తూ 15, 17 డిగ్రీలు వాలుగా ఉంటే మన ఊళ్లకి సరిపోతుంది. పక్కన బట్టలు ఆరేసే తీగ ఉందేమో చూసుకోండి. మా ప్యానెల్ మీద ఒక మూల ఆరేసిన చీర నీడ పడేది, అంతే. కానీ సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఆ మూల నీడకే కరెంటు దాదాపు పడిపోయేది. ప్యానెల్ పాడైందనుకుని కొట్టువాడితో పోట్లాటకి కూడా వెళ్లొచ్చాను.

లైటుకి 12 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ చాలు. మీటరుకి 60 ఎల్‌ఈడీలుండే 5050 రకం మీటరుకి 14 వాట్లు తింటుంది, వెలుగు మాత్రం మంచి బల్బు కన్నా తక్కువే. అందుకని 10 వాట్ల దగ్గర ఆగకుండా ఒక మీటరు వేయండి. దాని వెనక జిగురుని నమ్మకండి, వేడికి వారంలో ఊడి వేలాడుతుంది. కిటికీలకి వాడే అల్యూమినియం పట్టీ ముక్క స్క్రాప్ కొట్లో తెచ్చి, దానికి అతికించి, రెండు చోట్ల వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగులతో బిగించండి. ఆకులకి జానెడు ఎత్తులో వేలాడదీయండి. కంట్రోలర్‌లో చీకటి పడగానే నాలుగు గంటలు (పన్నెండు గంటలకి ఈ బ్యాటరీ చాలదు) వెలిగేలా పెడితే, పగటి నీడ వెలుతురుకి అది తోడవుతుంది.

ఇంతా చేసి టమాటా, మిర్చి ఆశించకండి. మెంతులు, ఆవాలు ఒత్తుగా చల్లి, పది రోజులకి చిన్న మొలకలుగానే కత్తిరించుకోండి.

ప్రశ్న: న్యూజెర్సీలో చలికాలం కరివేపాకు కుండీ లోపల పెట్టుకుంటాం. ఆకులన్నీ రాలుతున్నాయి. సోలార్ బ్యాటరీతో గులాబీ రంగు గ్రో లైట్ పెట్టమంటారా?
– మరో పాఠకుడు

జవాబు: డిసెంబరులో మీకు పగలే తొమ్మిదిన్నర గంటల లోపు, సూర్యుడు కూడా కిందకి దిగి ఉంటాడు. సోలార్ మానేసి గోడ ప్లగ్గుకి తెల్ల ఎల్‌ఈడీ పెట్టండి. గులాబీ రంగు తప్పనిసరి కాదు. ఎరుపు, నీలం మొక్కకి పనికొచ్చేవే, తెల్లలోనూ రెండూ ఉన్నాయి. పైగా గులాబీ వెలుగులో ఆకు పసుపు తిరిగిందో లేదో తెలియదు. ఆకు రాలడం సగం చలివల్లే. కిటికీ అద్దానికి ఆనించకుండా జరపండి. మట్టి వేలు లోతు దాకా ఆరితేనే నీళ్లు పోయండి.