పాలపన్నే కదా అని చీము పొక్కును వదిలేయకండి

ప్రశ్న: మా పాపకు ఐదున్నరేళ్లు. కింది దవడ పన్ను పుచ్చింది. చిగురు మీద చీము పొక్కు లేస్తుంది, చితికిపోతుంది, మళ్లీ వస్తుంది. వాచినప్పుడల్లా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి పోస్తే తగ్గుతోంది. డెంటిస్టు రూట్ కెనాల్ అంటున్నారు. ఎలాగూ ఊడిపోయే పన్నుకు అంత ఖర్చు అవసరమా? పళ్లు పుచ్చకుండా ఏ పేస్టు మంచిది?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పేస్టు సంగతి తర్వాత. ముందు ఆ పొక్కు గురించి మాట్లాడాలి.

చీము బయటికి పోతోంది కాబట్టే పాపకు పెద్దగా నొప్పి తెలియడం లేదు. ఇన్ఫెక్షన్ మాత్రం లోపల అలాగే ఉంది. పాల దవడ పన్ను వేర్లు కాళ్లు ఎడంగా పెట్టినట్టు ఉంటాయి. వాటి మధ్యే, ఎముకలో, శాశ్వత పన్ను మొగ్గ తయారవుతుంటుంది. ఈ పళ్లలో చీము ఎక్కువగా వేర్లు చీలే చోటే చేరుతుంది, అంటే సరిగ్గా ఆ మొగ్గ నెత్తినే. పన్ను పైనుండే గట్టి పొర ఎనామిల్‌ను తయారుచేసే కణాలు దెబ్బతింటే పదేళ్లు దాటాక వచ్చే కొత్త పన్ను పసుపు, గోధుమ మచ్చలతో, గుంటలు పడి వస్తుంది. దీన్ని టర్నర్ పన్ను అంటాం. ఆ ఎనామిల్ మళ్లీ పెరగదు. మీ పాప వయసుకు ఆ పన్ను పైభాగం ఇంకా పూర్తిగా తయారై ఉండకపోవచ్చు. అలాగని దెబ్బ తగిలి తీరుతుందనీ చెప్పలేను. ఇన్ఫెక్షన్ ఎంతకాలంగా ఉంది, ఎముక ఎంత కరిగింది అన్నది ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.

ఇక ఆ సిరప్. ఎన్నిసార్లు పోశారో మీరు రాయలేదు, నా టెన్షన్ అదే. పన్ను లోపలి నరం చచ్చిపోయాక అక్కడికి రక్తం వెళ్లదు, రక్తం వెళ్లని చోటికి మందూ వెళ్లదు. చుట్టూ వాపు తగ్గుతుంది, మీరు నెమ్మదిస్తారు, ఈలోగా నెలలు గడిచిపోతాయి. ఫ్రిజ్ తలుపులో సగం మిగిలిన సీసా ఉంటే పారేయండి. నీళ్లు కలిపిన పొడి సిరప్ కొద్ది రోజులకే పనికిరాకుండా పోతుంది. పిల్లల డోసు బరువును బట్టి డాక్టరే రాయాలి. చదువుకున్నవాళ్లు కూడా ఇలా షాపులో అడిగి పోయడం బాధగా ఉందమ్మా.

ఆ పన్ను పది, పదకొండేళ్ల దాకా ఉండాల్సినది. నిలిచే స్థితిలో ఉంటే రూట్ కెనాల్ చేసి స్టీలు క్యాప్ వేస్తారు. ఎముక బాగా పోయి ఉంటే తీసేసి, పక్క పళ్లు ఒరగకుండా స్పేస్ మెయింటెయినర్ పెట్టాల్సి రావచ్చు. ఏది మేలో చూసిన డాక్టరే చెప్పాలి. ఈ వారంలోనే పిల్లల దంత వైద్యుల దగ్గరికి వెళ్లండి. జ్వరం, దవడ కింద వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేక చొంగ కారడం – వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేడి కాపడం పెట్టకండి.

పేస్టు ఏ కంపెనీదైనా ఫ్లోరైడ్ ఉంటే చాలు, బఠాణీ గింజంత. రాత్రి బ్రష్ మీరే చేయించండి. ఎక్స్‌రేకు వెళ్లినప్పుడు ఆరేళ్ల దవడ పన్ను వస్తోందేమో కూడా అడగండి. అది శాశ్వత పన్నే, ఏ పాలపన్నూ ఊడకుండానే వెనక నుంచి వస్తుంది. చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుని పుచ్చే దాకా పట్టించుకోరు.