అమ్మాయి కాపీ రైటర్ అవుతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అమ్మాయి కావలిలో బీఏ రెండో సంవత్సరం. ప్రకటనలు రాసే కాపీ రైటర్ అవుతానంటోంది. హైదరాబాద్‌లో మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్చాలా, డిగ్రీ అయ్యాక జర్నలిజం పీజీ చేయించాలా? ఏఐ వచ్చాక ఈ పని ఉంటుందా?

జవాబు: మీ పూర్తి ఉత్తరంలో ఫీజు, హాస్టలు, జీతం, బంధువుల మాటలు అన్నీ ఉన్నాయి సార్. అమ్మాయి ఏం రాస్తుందో ఒక్క ముక్క లేదు. ఆమె రాసింది ఒక్కసారైనా చదివారా? చదవకుండానే పనికిరాదని భయపడితే ఎలా?

మూడు నెలల కోర్సుల మీద నాకు గురి తక్కువ. యాడ్ ఎక్కడ పెట్టాలో, ఎంతమంది చూశారో నేర్పుతారు, అదీ కావాలి. ఎవరికి ఏ మాట తగులుతుందో మాత్రం అంత త్వరగా రాదు. ఆ కోర్సుల ప్రకటనల్లో ‘జాబ్ గ్యారంటీ’ అనే మాట మీలాంటి తండ్రుల టెన్షన్ తెలిసి రాసిందే.

రొయ్యల మేత సంగతే చూడండి. చెరువు రైతుకు రాస్తే మేత ఖర్చు ఎంత తగ్గుతుంది, రొయ్య 30 కౌంట్‌కి, అంటే కిలోకి 30 తూగే సైజుకి, ఎన్నాళ్లలో వస్తుంది అన్నది చెప్పాలి. అప్పుమీద మేత ఇచ్చే షాపాయనకు సరుకు ఎంత కదులుతుందన్నదే లెక్క. యూరప్‌లో రొయ్య కొనేవాళ్లకు యాంటీబయాటిక్ అవశేషాలు లేవని పరీక్ష కాగితాలతో చూపాలి.

చదివేవాళ్లకు తగిలేలా రాయడానికి మన నెల్లూరు జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. అక్షరాస్యత ఉద్యమంలో కొత్తగా చదువు నేర్చుకునే ఆడవాళ్ల పుస్తకాల్లో తాగుడు వల్ల చితికిన ఇంటి కథ పెట్టారు. నీతులు చెబితే ఎవరు వింటారు? తమ ఇంటి గోడు అక్షరాల్లో కనబడేసరికి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వం సారా నిషేధించింది.

ఏఐ వల్ల పండగ శుభాకాంక్షల్లాంటి రాతపని తగ్గుతుంది, దాచను. గట్టు మీద రైతు ఏం అడుగుతాడో తెలిసిన పిల్లకు పని దొరుకుతుంది, దిగులుపడకండి.

పీజీ సంగతి మూడో సంవత్సరంలో చూద్దాం. ఈలోగా ఒక మేత షాపుకి కరపత్రం రాయించి, రైతులకు చదివి వినిపించమనండి. ఎక్కడ ఆపి ప్రశ్న అడిగారో గుర్తు పెట్టుకోమనండి. కోర్సుకే పంపాలనుకుంటే, అక్కడ చదివి ఉద్యోగం చేస్తున్న ఇద్దరితో మాట్లాడాకే డబ్బు కట్టండి.