ఆర్ప్‌టేబుల్స్ మాన్యువల్ రాస్తున్న సౌమ్యకు

సౌమ్యా,

లినక్స్‌లో ఆర్ప్ ప్యాకెట్లను రూల్స్‌తో వడకట్టే కమాండ్ ఆర్ప్‌టేబుల్స్ మీద నువ్వు పంపిన మాన్యువల్ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ఆప్షన్లన్నీ ఉన్నాయి, అచ్చుతప్పులు లేవు. అయినా అది ముందు పెట్టుకుని ఒక్క రూల్ రాయడానికి నాకే ధైర్యం చాలలేదు.

మొదటి పేజీలో "ఆర్ప్ ప్యాకెట్లను ఫిల్టర్ చేసే టూల్" అని రాసి వదిలేశావు. అది చదివినవాడు, ఏదో ఒక ఐపీ ఇచ్చి డ్రాప్ (పారెయ్) అంటే ఆ మెషిన్ నుంచి వచ్చేదంతా ఆగిపోతుందనుకుంటాడు. ఆగదు. "ఈ ఐపీ ఎవరిది, మీ మ్యాక్ అడ్రస్ ఏంటి" అని లోకల్ నెట్‌వర్క్‌లో అడిగి జవాబు తెచ్చుకోవడమే ఆర్ప్ పని (మ్యాక్ అంటే నెట్‌వర్క్ కార్డుకుండే అడ్రస్). 1982లో ఆర్‌ఎఫ్‌సీ 826 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చినప్పటి నుంచీ అంతే. జవాబు క్యాష్‌లో, అంటే మెషిన్ కాసేపు గుర్తుంచుకునే పట్టికలో, చేరిపోయాక మామూలు ఐపీ ప్యాకెట్లు ఆర్ప్‌టేబుల్స్ గడప తొక్కకుండానే వెళ్లిపోతాయి. వాటిని ఆపాలంటే ఐపీటేబుల్స్ కావాలి. ఐపీవీ6లోనైతే అసలు ఆర్ప్ లేదు, ఆ పని నైబర్ డిస్కవరీ అనే వేరే ప్రోటోకాల్‌ది. ఈ టూల్ ఏం చేయదో ఈ నాలుగు ముక్కల్లో మొదటి పేరాలోనే చెప్పెయ్.

ఇక "సోర్స్ ఐపీ", "సోర్స్ మ్యాక్" అని రాశావు. ఎక్కడి సోర్స్? ఈథర్నెట్ మీద నడిచే ఐపీవీ4 ఆర్ప్ ప్యాకెట్ మొత్తం 28 బైట్లు. అందులో పంపినవారి మ్యాక్, ఐపీ, అవతలివారి మ్యాక్, ఐపీ అని నాలుగు గడులుంటాయి. ఈ ఆప్షన్లు చూసేది ఆ గడులనే. సోర్స్ మ్యాక్ అంటే ఆర్ప్‌ని మోసుకెళ్లే బయటి ఈథర్నెట్ ఫ్రేమ్ హెడర్‌లోది కాదు, ఆర్ప్ లోపల రాసి ఉన్నది. మామూలుగా రెండూ ఒకటే కాబట్టి తేడా తెలియదు. ఎవరైనా దొంగ ఆర్ప్ పంపినప్పుడు మాత్రం రెండూ వేరుగా ఉండొచ్చు. సరిగ్గా అలాంటి రోజునే మన మాన్యువల్ తెరుస్తారు. ఇంకోటి, ప్యాకెట్ రకం చెప్పే ఆప్‌కోడ్ 1 అయితే ప్రశ్న, 2 అయితే జవాబు. ప్రశ్నలో టార్గెట్‌గా ఉన్న ఐపీ జవాబులో సోర్స్ అవుతుంది. ఒక చిన్న బొమ్మ గీసి చూపించు, పేజీడు వివరణ రాసే పని తప్పుతుంది.

పాలసీ గురించి, అంటే ఏ రూల్‌కీ తగలని ప్యాకెట్‌ని ఏం చేయాలన్నదాని గురించి, నువ్వు ఒక్క లైన్‌తో సరిపెట్టావు. నేనొకసారి దూరంగా ఉన్న సర్వర్‌లో ఇన్‌పుట్ (లోపలికొచ్చే ప్యాకెట్ల) పాలసీని డ్రాప్‌గా మార్చాను. దూరం నుంచి ఆ సర్వర్‌లో పనిచేస్తున్న నా ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ చక్కగా నడుస్తూనే ఉంది. అంతా సరిగ్గానే ఉందనుకుని సీట్లోంచి లేచాను. తిరిగొచ్చేసరికి సెషన్ చచ్చిపోయింది. రౌటర్ క్యాష్‌లో మా సర్వర్ ఎంట్రీ గడువు తీరింది, అది మళ్లీ అడిగింది, మా సర్వర్ ఆ ప్రశ్నను విననే లేదు. తప్పు చేసిన వెంటనే దెబ్బ తగిలితే నేర్చుకోవచ్చు. ఇక్కడ దెబ్బ ఆలస్యంగా తగులుతుంది, ఏ కమాండ్ వల్ల తగిలిందో కూడా గుర్తుండదు. అందుకే నెట్‌వర్క్ లేకున్నా మెషిన్‌లోకి వెళ్లగలిగే కన్సోల్ యాక్సెస్ లేకుండా పాలసీ జోలికి వెళ్లొద్దని అక్కడే హెచ్చరిక పెట్టు. ఫ్లష్ దగ్గర కూడా పెట్టు. ఫ్లష్ రూల్స్‌ని తీసేస్తుంది గానీ పాలసీని మార్చదు. డ్రాప్ పాలసీ ఉండగా యాక్సెప్ట్ రూల్స్ తుడిచేస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు, చదివేవాళ్లకి చెప్పాలి.

ఆప్షన్ల అక్షరాల గొడవ కూడా ఉంది. చిన్న ఐ ఇంటర్‌ఫేస్, పెద్ద ఐ ఇన్సర్ట్. చిన్న డి డెస్టినేషన్, పెద్ద డి డిలీట్. ఎవరు పెట్టారో గానీ, కళ్లు మూతలు పడే వేళ చూసేవాళ్లకిది శిక్ష. ఉదాహరణల్లో పూర్తి పదాలుండే పొడుగు ఆప్షన్లే వాడు.

ఉదాహరణలంటే గుర్తొచ్చింది, నువ్వు మన టెస్ట్ సర్వర్ల ఐపీలే పెట్టేశావు! తీసెయ్. డాక్యుమెంటేషన్ కోసమే 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24 వదిలిపెట్టారు. మ్యాక్ అడ్రసులకూ అలాంటి కేటాయింపు ఉంది. "ఈ ఐపీని డ్రాప్ చేయండి" లాంటి ఉత్తుత్తి ఉదాహరణ కన్నా వచ్చే పనిని చాలా సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ సంగతి తీసుకో. జవాబులు నేరుగా క్లయింట్‌కే పంపే ఏర్పాటులో వెనకున్న సర్వర్లన్నిటికీ ఒకే ఉమ్మడి ఐపీ (వర్చువల్ ఐపీ) ఉంటుంది, ఆర్ప్ జవాబు మాత్రం బ్యాలెన్సర్ ఒక్కటే ఇవ్వాలి. వెనక సర్వర్లలో రెండు రూల్స్ సరిపోతాయి. ఇన్‌పుట్‌లో ఆ ఐపీని టార్గెట్‌గా అడిగే ప్యాకెట్లు డ్రాప్. అవుట్‌పుట్‌లో ఆ ఐపీ సోర్స్‌గా బయటికెళ్లే ఆర్ప్‌ని మ్యాంగిల్ చేసి సర్వర్ సొంత ఐపీకి మార్చడం. చాలామంది రెండోది మర్చిపోతారు. అప్పుడు సర్వర్ తనే ఆర్ప్ అడిగిన మొదటిసారి వర్చువల్ ఐపీతో పాటు తన మ్యాక్‌ని కూడా అందరికీ చాటేస్తుంది. రెండో రూల్ లేకపోతే ఏమవుతుందో కూడా రాయి, దాని పక్కనే.

రీబూట్‌కి రూల్స్ పోతాయి, సేవ్, రిస్టోర్ కమాండ్లకి లింక్ ఇస్తే చాలు. ఇప్పుడు చాలా సిస్టమ్స్‌లో ఇదే పేరు వెనక ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే కొత్త వ్యవస్థ నడుస్తోంది, కాబట్టి నువ్వు టెస్ట్ చేసింది పాతదా కొత్తదా అన్నది వెర్షన్‌తో సహా పైన రాయి. ప్రతి ఉదాహరణనీ పేజీలోంచి కాపీ చేసి, కొత్త వర్చువల్ మెషిన్‌లో నువ్వే ఒకసారి నడుపు. డ్రాఫ్ట్‌లో మూడో ఉదాహరణ నడవదు, పెద్దక్షరాల్లో ఉండాల్సిన చైన్ (ఇన్‌పుట్, అవుట్‌పుట్ లాంటి రూల్స్ వరుస) పేరు చిన్నక్షరాల్లో పడింది.

మ్యాంగిల్ విభాగం పూర్తయ్యాక పంపు.

బాబాయ్