ఇంకా తయారవుతున్న లినక్స్‌ను మిషన్‌ల ఎక్కియ్యాల్నా, వద్దా

బిడ్డా,

దేవరకొండల నీ దుకాణం కంప్యూటర్‌ల డెబియన్ టెస్టింగ్ గాని, ఉబుంటు రాబోయే వెర్షన్ గాని, అంటే ఈ రెండు లినక్స్‌లల్ల ఇంకా విడుదలగాని డెవలప్‌మెంట్ వెర్షన్లు, ఇప్పుడే వేద్దామనుకుంటున్నవని రాసినవు. సీదా చెప్తున్న. దుకాణం మిషన్‌ల వద్దు. ఇంట్ల ఉన్న పాత ల్యాప్‌టాప్‌ల అయితే వేస్కో. దానిక్కూడ ఒక షరతు ఉంది, అది ఆఖరుకు చెప్త.

ముందుగాల నీకు కావాల్సిందేందో తేల్చుకో. కొత్త లిబ్రేఆఫీస్ (రాతకోతల ప్రోగ్రాము) ఒక్కటే కావాల్నంటే దాని కోసం సిస్టమ్ మొత్తం మార్చుడెందుకు? ఫ్లాట్‌ప్యాక్‌ల, అంటే ప్రోగ్రామును సిస్టమ్‌తోని కలపకుండ వేరుగ ఎక్కించే పద్ధతిల, దొరుకుతది, పాత సిస్టమ్‌ను ముట్టుకోకుండ పక్కన కూసుంటది. కొత్త ల్యాప్‌టాప్‌ల వైఫై పట్టకపోతే చాలాసార్లు కెర్నల్ (మిషన్ భాగాలను నడిపే సిస్టమ్ గుండెకాయ) పాతదైనందుకే. డెబియన్ 13 (దాని పేరే ట్రిక్సీ) మీద అయితే ట్రిక్సీ-బ్యాక్‌పోర్ట్స్, అంటే ఆ వెర్షన్ కోసం కొత్త ప్రోగ్రాములు పెట్టే చోటికెల్లి కొత్త కెర్నల్ తీస్కోవచ్చు. ఉబుంటు ఎల్‌టీఎస్‌కు (ఏండ్ల తరబడి సవరణలు వచ్చే వెర్షన్) హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్, అంటే కొత్త మిషన్ల కోసం ఇచ్చే కొత్త కెర్నల్, ఉన్నదే ఆ పని కోసం. డెవలప్‌మెంట్ వెర్షన్ అడిగేటోళ్లల్ల చాలామంది అవసరం ఈ రెండిట్లనే తీరిపోతది. నీది కూడ అదే అయితే మిగిలిన ఉత్తరం చదవకున్నా నడుస్తది.

ఇంకా వేద్దామనే ఉంటే, అన్నీ ఒక్క తీరుగ ఉండవని తెలుసుకో. డెబియన్‌ల కొత్త ప్యాకేజీ (ఎక్కియ్యడానికి కట్టిన ప్రోగ్రాము మూట) ముందు సిడ్‌ల, అంటే రోజూ మారే మొదటి మెట్టుల, పడుతది. అక్కడ కొత్తగ పెద్ద తప్పులు బయటపడకపోతే, అర్జెంటును బట్టి సాధారణంగ 2 నుంచి 10 రోజులకు టెస్టింగ్‌లకు దాటుతది. అందుకని టెస్టింగే భద్రమని చాలామంది అనుకుంటరు. సగమే నిజం. తప్పున్న ప్యాకేజీ ఒకసారి టెస్టింగ్‌లకు దాటిందనుకో, దాన్ని సరిచేసిన ప్యాకేజీ కూడ మళ్ల సిడ్‌ల ఆగి, ఎదురుచూసి రావాలె. సిడ్ వాడేటోనికి రేపు బాగైంది నీకు వారం తర్వాత బాగైతది. సెక్యూరిటీ సవరణల సంగతి కూడ గంతే. స్టేబుల్‌కు, అంటే విడుదలైన వెర్షన్‌కు, అవి నేరుగ వస్తయి, టెస్టింగ్‌కు మాత్రం ఎక్కువగ సిడ్ మీదికెల్లి ఆలస్యంగ వస్తయి. ఊరందరి ఆధార్ కాపీలు, దరఖాస్తులు ఉండే దుకాణం మిషన్‌కు ఇదొక్కటి చాలు, వద్దనడానికి.

2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే ప్రోగ్రాము) సంగతి నీకు యాదికుండాలె. 5.6.0, 5.6.1 వెర్షన్లల్ల ఎవరో కావాలని దొంగదారి పెట్టిండ్రు. అది అప్పటికే డెబియన్ సిడ్‌ల, టెస్టింగ్‌ల, వేరే లినక్స్‌లల్ల ఎప్పటికప్పుడు మారే వెర్షన్లైన ఫెడోరా రాహైడ్‌ల, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్‌ల కూడ చేరిపోయింది. డెబియన్ స్టేబుల్‌కు చేరలేదు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. సిడ్ మీద ఎస్‌ఎస్‌హెచ్ (దూరంకెల్లి మిషన్‌లకు పోయే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతుందని లోపలికి తవ్వితే బయటపడింది. డెవలప్‌మెంట్ వెర్షన్‌కు రెండు ముఖాలూ ఇందుల కనబడుతయి. అపాయం ముందు తగిలేది అది వాడేటోళ్లకే. వాళ్లల్ల ఒకరు కన్ను తెరిచి చూసినందుకే మిగిలినోళ్లు బతికి బయటపడ్డరు.

ఎప్పుడు ఎక్కుతున్నవన్నది కూడ చూడు. డెబియన్ 13కు 2025 మార్చి 15న ఫ్రీజ్ (మార్పులు ఆపుడు) మొదలైంది, ఆగస్టు 9న విడుదలైంది. ఆ మధ్య నెలలల్ల టెస్టింగ్ నిమ్మలంగ ఉంటది, పెద్ద మార్పులు రానియ్యరు. విడుదలైన మరునాడు తలుపులు తెరుస్తరు, అప్పటిదాక ఆగిన ప్యాకేజీలన్నీ ఒక్కసారే వచ్చి పడుతయి. కొత్తగ చేరేటోళ్లు దూరంగ ఉండాల్సింది ఆ మొదటి రెండు మూడు నెలలు. ఇంకొక సంగతి, సోర్సెస్ ఫైల్‌ల (ప్యాకేజీలు ఎక్కడికెల్లి తేవాల్నో రాసే ఫైల్) ‘టెస్టింగ్’ అని రాయకు, ‘ఫోర్కీ’ అని, డెబియన్ 13 తర్వాత వచ్చేదాని పేరుతోని రాయి. పేరు రాస్తే ఫోర్కీ విడుదలైన నాడు నీ మిషన్ దాంతోపాటే స్టేబుల్ అయి ఆగుతది. ‘టెస్టింగ్’ అని రాస్తే నీకు తెల్వకుండనే ఆ తర్వాతి వెర్షన్ గలాటలకు పోతది. ఉబుంటుల ఈ బాధ తక్కువ. విడుదలకు కొన్ని వారాల ముందు బీటా, అంటే పరీక్ష వెర్షన్, వస్తది. అది వేస్కొని రోజూ అప్‌డేట్ చేస్తూ పోతే విడుదల రోజుకు అదే అసలు వెర్షన్ అయితది, మళ్ల ఎక్కించే పని లేదు. సిడ్, రాహైడ్ మాత్రం ఎన్నటికీ విడుదల కావు. వాటిల్లకెల్లి వెనక్కి దిగే తొవ్వ కూడ లేదు. వెర్షన్ తగ్గించుడు డెబియన్‌ల ఎవ్వరూ భరోసా ఇయ్యని పని, మొత్తం తుడిచి కొత్తగ వెయ్యాల్సిందే.

అసలు దెబ్బ తగిలేది అప్‌డేట్ కొట్టేటప్పుడు, ఒక్క లైను చదవకపోయినందుకు. అప్‌డేట్ చేసే కమాండ్లు రెండు. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ ఉన్న ప్యాకేజీని తీసెయ్యదు. ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’ అవసరమనుకుంటే తీసేస్తది. ఒక పెద్ద లైబ్రరీ (చాలా ప్రోగ్రాములు పంచుకునే కోడ్) మారినప్పుడు దాని మీద ఆధారపడ్డ వందల ప్యాకేజీలను మళ్ల కట్టాలె, అవన్నీ ఒక్కనాడు తయారుగావు. ఆ నడుమ రోజులల్ల ఫుల్-అప్‌గ్రేడ్ కొడితే, పాత ప్యాకేజీ కొత్త లైబ్రరీతోని పొసగదు కాబట్టి, ‘రిమూవింగ్’ అని ఒక జాబితా చూపించి అవునా కాదా అని అడుగుతది. ఆ జాబితాను పేరు పేరునా చదువు. గ్నోమ్-షెల్ (డెస్క్‌టాప్), నెట్‌వర్క్-మేనేజర్ (నెట్), ఐబస్ (తెలుగు టైపింగ్), లిబ్రేఆఫీస్, కప్స్ (ప్రింటింగ్) లాంటి పేరు ఒక్కటున్నా ‘ఎన్’ కొట్టి లే. రెండు మూడు రోజులాగి మళ్ల చూడు, ఎక్కువసార్లు దానంతట అదే సర్దుకుంటది. నెట్‌వర్క్-మేనేజర్ పోయిందంటే దాన్ని తిరిగి తెచ్చుకునేందుకు కూడ నెట్ ఉండదు. ‘ఆప్ట్-లిస్ట్‌బగ్స్’ అనే ప్యాకేజీ కూడ వేస్కో, వచ్చే ప్యాకేజీకి తెలిసిన పెద్ద తప్పు ఉంటే ఎక్కక ముందే చెప్తది.

కెర్నల్ మారినప్పుడు ఒక్కోసారి ఎన్‌విడియా గ్రాఫిక్స్, బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్లు (ఆ చిప్‌లను నడిపే ప్రోగ్రాములు), వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్లు కొత్త కెర్నల్‌కు కట్టుకోక ఆగుతయి. తెర నల్లగైతే కంగారు పడకు. మిషన్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూల ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లకు పోయి పాత కెర్నల్ పట్టుకో. గందుకే అప్‌డేట్ అయిన వెంటనే ఆటోరిమూవ్ (అక్కరలేని పాత ప్యాకేజీలను తీసేసే కమాండ్) కొట్టొద్దు, కొత్త కెర్నల్ మీద రెండు మూడు రోజులు నడిచినంక కొట్టు. బూట్ పార్టిషన్ (కెర్నల్లు ఉండే డిస్క్ భాగం) వేరుగ పెడితే 1 జీబీకి తక్కువ పెట్టకు, నిండిందంటే అప్‌డేట్ నడుమనే ఆగుతది.

కరెంటు సంగతి మన దిక్కు చెప్పేదే లేదు. డీపీకేజీ (ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రాము) వాటిని విప్పుతుండంగ కరెంటు పోతే సగం పాతది, సగం కొత్తది మిగులుతది. బ్యాటరీ మంచిగున్న ల్యాప్‌టాప్‌ల గాని, యూపీఎస్ ఉన్న మిషన్‌ల గాని తప్ప అప్‌డేట్ మొదలుపెట్టకు. అట్లనే జరిగితే రికవరీ మోడ్‌లకు పోయి ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’, దాని తర్వాత ‘ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్’ కొట్టు. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుపుతున్నవు కదా, వారానికి ఒకసారి తప్పకుండ అప్‌డేట్ చెయ్యి. నెల రోజులు వదిలేస్తే రోజువారీ డేటా సరిపోదు, పైంగ అన్ని మార్పులు ఒక్కసారే వస్తే ఏది చెడగొట్టిందో దొరకదు.

ల్యాప్‌టాప్‌ల వేసేముందు 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద లైవ్ ఇమేజ్ (డిస్క్‌ల వెయ్యకుండనే నడిచే లినక్స్) పెట్టి వైఫై, సౌండ్, ప్రింటర్, మూత పెట్టి తీస్తే లేస్తదా అన్నవి చూడు. వర్చువల్ మిషన్‌ల (కంప్యూటర్ లోపల ప్రోగ్రాముగ నడిచే ఇంకో కంప్యూటర్) ఇవేవీ తెలవవు, అది ప్రోగ్రాములు చూస్కోవడానికే పనికొస్తది. వేసేటప్పుడు వేరే పార్టిషన్ ఇయ్యి, 40 జీబీ చాలు. హోమ్ (నీ ఫైళ్లు, సెట్టింగ్‌లు ఉండే ఫోల్డర్) మాత్రం స్టేబుల్‌తోని పంచుకోకు. కొత్త ఫైర్‌ఫాక్స్ ఒకసారి తెరిచిన ప్రొఫైల్‌ను పాత ఫైర్‌ఫాక్స్ తెరవనియ్యదు, 2019ల వచ్చిన 67వ వెర్షన్ నుంచి అంతే. టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్ నకలు తీసిపెట్టే ప్రోగ్రాము) పెట్టుకున్నా అది మామూలుగ హోమ్‌ను దాచదు, నీ ఫైళ్లు వేరే డిస్క్‌లకు నువ్వే ఎక్కియ్యాలె.

ఇగ షరతు. తప్పు కనబడితే ఆ ప్యాకేజీ చేసేటోళ్లకు రాయాలె. ఊకె వాడి, చెడిపోతే తుడిచేస్త అంటే ఎవ్వరికీ ఫాయిదా లేదు. తెలుగు విషయంల ఇది ఇంకా ఎక్కువ. ఒత్తు పక్కకు జరిగిందని ఆ ప్యాకేజీ చేసేటోళ్లల్ల చాలామందికి కంటితోని తెలవదు, తెలుగు చదివేటోడే చెప్పాలె. ఐబస్‌ల ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు) పెట్టి లిబ్రేఆఫీస్ రైటర్‌ల, ఫైర్‌ఫాక్స్‌ల, టెర్మినల్‌ల ఇవే మాటలు కొట్టు: స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్‌ల ‘ట్’ తర్వాత అక్షరాలు కలవకుండ ఆపే కనబడని గుర్తు ఉంటది. అది పనిచెయ్యకపోతే ‘వ’ ఒత్తుగ మారి ‘ట’ కిందికి పోతది. తర్వాత పీడీఎఫ్ చేసి, దాంట్లకెల్లి ఆ మాటలు కాపీ చేసి చూడు, ప్రింట్ తీసి చూడు. పోతన, లోహిత్ ఫాంట్లు రెండిట్లనూ చూడాలె. ఒక్కదాంట్లనే తప్పుంటే తప్పు ఫాంట్‌ది, రెండిట్ల ఒకే తీరుగ ఉంటే ప్రోగ్రాముది గాని, అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్‌ది గాని అయి ఉండొచ్చు.

డెబియన్‌ల ‘రిపోర్ట్‌బగ్’, ఉబుంటుల ‘ఉబుంటు-బగ్’ అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు పెట్టు, వెర్షన్లు అదే చేర్చుకుంటది. ఏం కొట్టినవు, ఏం రావాలె, ఏం వచ్చింది, నిన్నటి వెర్షన్‌ల ఎట్లుండె, ఈ నాలుగు రాసి స్క్రీన్‌షాట్ పెట్టు. సరైన రూపం ఎట్లుండాల్నో ఇంకొక బొమ్మ కూడ పెట్టు, చూసేటోనికి తెలుగు రాదు కదా. విడుదలకు నెల ముందు రాస్తే సరిచేసే వీలుంటది, వారం ముందు రాస్తే ఆ విడుదలల ఎక్కుడు కష్టం.

నీ ల్యాప్‌టాప్ వైఫై చిప్ ఏదో ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ కొట్టి నాకు పంపు. బ్రాడ్‌కామ్ అయితే ఉబుంటు బీటా వచ్చేదాక ఆగు, ఇంటెల్ అయితే ఈ ఆదివారమే లైవ్ పెన్‌డ్రైవ్ తోని మొదలుపెట్టు.

మీ చిన్నాయిన
నల్లగొండ