‘దురదృష్టవశాత్తూ పంక్చర్’

ప్రియమైన తమ్ముడికి,

కెన్యాలో జరిగే సఫారీ కార్ల ర్యాలీ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరా బావుంది. నైవాషా దగ్గర పిండిలా లేచే ఆ దుమ్ము నా గొంతులోకి కూడా పోయింది. ఐదో పేరాకి వచ్చేసరికి మాత్రం చల్లబడిపోయావు. "దురదృష్టవశాత్తూ టైరు పంక్చర్ కావడంతో రెండు నిమిషాలు నష్టపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకెళ్ళిపోయావు. నాకు కావాల్సిన కథంతా ఆ ముక్క కిందే ఉండిపోయింది.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకేం లేదులే. నా మొదటి రిపోర్టులో నేనూ "పాపం, టైరు పేలింది" అనే రాశాను. మర్నాడు కార్లు బాగుచేసే సర్వీస్ పార్కులో ఒక మెకానిక్ నన్ను పిలిచి, ఆ టైరు లోపలికి చెయ్యిపెట్టి తడిమి చూడమన్నాడు. పక్కగోడ మీద పాము కాటులా రెండు గాట్లు తగిలాయి. "ఇది పేలలేదు సార్, రాయికీ రిమ్ముకీ మధ్య నలిగింది. గాలి తక్కువ పెట్టుకుని వెళ్ళాం" అన్నాడు. గాలి ఎందుకు తక్కువ పెట్టారంటే, పట్టు కోసం. మెత్తగా ఉన్న టైరు నేలని బాగా కరుచుకుంటుంది, కానీ రాయి తగిలితే రిమ్ముదాకా నొక్కుకుపోతుంది. పొద్దున్నే అన్నీ తెలిసి ఆడిన జూదం అది. నేను దానికి "పాపం" అని పేరు పెట్టాను. ఆ నల్లటి చెయ్యి కడుక్కోవడానికి అరగంట పట్టింది.

ఇక రూలు సంగతి. 2008కి ముందు ప్రపంచ ర్యాలీ కార్లలో టైరు లోపల మూస్ అనే నురగ రింగు పెట్టుకునేవాళ్ళు. టైర్లో గాలి నిండుగా ఉన్నంతసేపూ ఆ ఒత్తిడికి అణిగి ఉంటుంది. గాలి పోయిందా, ఉబ్బి ఖాళీని నింపేస్తుంది. డ్రైవర్‌కి స్టీరింగ్ కాస్త బరువెక్కేది, కొన్ని సెకన్లు పోయేవి, అంతే. 2008లో అందరికీ ఒకే కంపెనీ టైర్లు అన్న పద్ధతి వచ్చింది. ఆ కాంట్రాక్టు పిరెల్లికి దక్కింది. దాంతోపాటే మూస్‌ని నిషేధించారు. ఖర్చు తగ్గించాలన్నది వాళ్ళ లెక్క. దారిలో రాళ్ళు మాత్రం అవే. నిన్నటిదాకా కొన్ని సెకన్లు తినే రాయి, ఆ ఏడాది నుంచి రెండు నిమిషాలు తినడం మొదలుపెట్టింది. (ఎడారి ర్యాలీల్లో తిరిగే బైకులు ఇప్పటికీ ట్యూబు బదులు మూస్ వేసుకుంటాయి. అది వేరే లోకం.)

అందుకే స్టెప్నీ గురించి రాయమంటాను. మన లారీ డ్రైవర్ల నోట్లో నలిగిన మాట ఇది. వేల్స్‌లోని లానెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధి ఉంది. అక్కడి డేవిస్ సోదరులు 1904లో చేసిన స్పేర్ చక్రానికి ఆ వీధి పేరు పడి, ఓడెక్కి మనదాకా వచ్చింది. సరే, కారులో ఒక స్టెప్నీ వేసుకోవాలా, రెండా? ఒక్కోటీ ఇరవై కిలోల లెక్కన వెనక బరువు పెరుగుతుంది, ప్రతి మలుపులోనూ కారు ఆ బరువు మోయాలి. ఒక్కటే వేసుకుంటే, మొదటి పంక్చర్ తర్వాత డ్రైవర్ పాదం తనకి తెలియకుండానే తేలికవుతుంది. ఎవరు ఎన్ని వేసుకున్నారో పొద్దున సర్వీస్ నుంచి బయల్దేరేటప్పుడే తెలిసిపోతుంది. నీ వ్యాసంలో ఆ అంకె లేదు. టైర్లకి కోటా ఉంటుందన్న సంగతీ లేదు. మొన్నమొన్నటి పిరెల్లి రోజుల్లో చాలా మట్టి ర్యాలీలకి షేక్‌డౌన్ అనే ముందస్తు ట్రయల్ పరుగు టైర్లు నాలుగూ కలుపుకుని కారుకి 28 ఇచ్చేవాళ్ళు. అంటే ఇవాళ కోసుకుపోయిన టైరు, రేపు సాయంత్రం అరిగిన టైరుతో దిగాల్సి రావడం కూడా కావచ్చు. తారురోడ్డు, మంచు ర్యాలీల లెక్కలు వేరు, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

ఇంకోటి, కో-డ్రైవర్ చదివే నోట్స్ చెవిపెట్టి విను. మలుపు పేరు చెప్పాక "డోంట్ కట్" అంటాడు చూడు, లోపలి అంచు కొయ్యొద్దని. అక్కడ రాయో మరేదో అడ్డం ఉందన్నమాట. ముందు వెళ్ళినవాళ్ళు అంచులు కోస్తూ పోతే భూమిలో సగం పాతుకున్న రాళ్ళు పైకి లేచి దారి మధ్యకి దొర్లుతాయి. నోట్స్ రాసుకున్న రోజు ఈ కొత్త రాళ్ళు అక్కడ లేవు. అదే స్టేజీ, అంటే టైము లెక్కకట్టే దారి ముక్క, మధ్యాహ్నం మళ్ళీ తిరిగేటప్పుడు పొద్దుటి కంటే ప్రమాదంగా ఉండేది అందుకే.

2020 టర్కీ ర్యాలీ చూడు. ఆఖరి రోజు పొద్దున చెతిబెలి అనే స్టేజీ, 38 కిలోమీటర్లు, రాళ్ళ గుట్ట. ముందున్న న్యూవిల్, లోబ్, ఓజియే ముగ్గురికీ ఆ ఒక్క స్టేజీలోనే టైర్లు పోయాయి. నాలుగో స్థానంలో ఉన్న ఎల్ఫిన్ ఎవాన్స్ సరాసరి మొదటికి వచ్చి ర్యాలీ గెలిచాడు. చాలామంది దాన్ని లాటరీ అన్నారు. నేను ఒప్పుకోను. ముగ్గురు మహా డ్రైవర్లకి ఒకే పొద్దున ఒకే దారిలో ఒకే దెబ్బ తగిలితే, ఆ దారి గురించీ ఆ వేగం గురించీ అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉంటాయి.

అక్కడికి వెళ్ళి చూడలేదు కదా, ఎలా రాయాలి అంటావు. స్ప్లిట్ టైములు, అంటే స్టేజీ మధ్యమధ్యలో తీసే టైములు, తెరువు. ఒక్క స్ప్లిట్‌లోనే నిమిషంన్నరో రెండో పోయి, తర్వాత స్పీడు మామూలైపోతే, ఆగి చక్రం మార్చాడన్నమాట. బెల్టులు విప్పడం, జాక్ ఎత్తడం, నట్లు, మళ్ళీ బెల్టులు, అంతా కలిసి అంత పడుతుంది. అలా కాకుండా ప్రతి స్ప్లిట్‌కీ నష్టం పెరుగుతూ పోతే, గాలి లేని టైరుతోనే ఈడ్చుకొచ్చాడని. ఆగకుండా రావడమూ ఒక నిర్ణయమే: ఫినిష్ ఎంత దూరం ఉంది, చిరిగిన రబ్బరు కొట్టుకుని బ్రేకు పైపు తెగుతుందా, ఇవన్నీ నూరు మీద పోతూ లెక్కేశాడు. ఇది నువ్వు ఇంట్లో కూర్చుని రాయగలవు.

మన పాఠకుడికి దగ్గరగా ఏమైనా ఉందా అని అడిగావు. సదాశివపేటలో ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ ఉంది. 1946లో బొమ్మ బెలూన్లతో మొదలైన ఆ కంపెనీ టైర్ల మీదే 2022లో స్పెయిన్ డ్రైవర్ ఎఫ్రెన్ యారెనా యూరోపియన్ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. దాని మీద విడిగా రాయొచ్చు, ఈ వ్యాసంలో ఇరికించకు.

ముందు మీ వీధి చివర పంక్చర్ షాపులో ఓ సాయంత్రం కూర్చో. ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తే అక్కడ సుద్దతో గీత పెడతారు చూడు, అంతసేపు చూడు. సైడ్ కట్‌కి ప్యాచ్ ఎందుకు వెయ్యరో అడుగు. ఐదో పేరా కొట్టేసి మళ్ళీ రాసి ఆదివారంలోగా పంపు. స్ప్లిట్ షీటు కూడా జతచెయ్యి, నేను సరిచూస్తాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య