అర్జీ వేసేముందు ఆ ఉత్తర్వు ఇంకోసారి చదువు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఫోన్ కంపెనీలు పాత మొబైల్ నెట్‌వర్క్ మూసేసేముందు కస్టమర్లకు ఇవ్వాల్సిన నోటీసు గడువు తగ్గిస్తూ మీ టెలికాం నియంత్రణ సంస్థ ఇచ్చిన ఉత్తర్వును పునఃపరిశీలించమని నువ్వు రాసిన అర్జీ చదివాను. భాష బాగుంది, కోపమూ న్యాయమైనదే. కానీ ఇలాగే వేస్తే కొట్టేస్తారు. ఇందులో ఉన్నదంతా విచారణప్పుడు మీ సంఘం చెప్పిందే. ఒకసారి విని కాదన్నవాళ్ల దగ్గరికే వెళ్లి, అదే మాట గొంతు పెంచి చెబితే ఔనంటారా?

ముందు గడువు చూడు, మిగతావన్నీ తర్వాత. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీని పునఃపరిశీలన అడగాలంటే 30 రోజులే. చట్టంలోనే రాసిపెట్టిన గడువది, ఆలస్యమైందని బతిమాలుకుంటే పొడిగించేది కాదు. కెనడాలో అలాంటి సంస్థే అయిన సీఆర్‌టీసీ దగ్గరైతే 90 రోజులుంటుంది. ఇండియాలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉత్తర్వు మీద టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కి అప్పీలుకు వెళ్లడానికి 30 రోజులు. మీ నియంత్రణ సంస్థ నిబంధనల్లో ఎంతుందో, అది ఏ రోజు నుంచి లెక్కకొస్తుందో తేల్చుకో. సంతకం పెట్టిన రోజు వేరు, ప్రచురించిన రోజు వేరు. అర్జీ వేశాం కదా, అప్పీలు గడువు అంతదాకా ఆగుతుందిలే అని మాత్రం అనుకోకు. కొన్నిచోట్ల ఆగుతుంది, కొన్నిచోట్ల ఆగదు. అర్జీ పడినంత మాత్రాన ఉత్తర్వు అమలూ ఆగదు. స్టే కావాలంటే విడిగా అడగాలి, ఆగకపోతే ఎవరికి ఏ నష్టం జరుగుతుందో విడిగా చూపించాలి.

ఏ తలుపు తట్టాలో కూడా చూసుకో. ఇండియాలో ట్రాయ్ తెచ్చిన రెగ్యులేషన్ల చెల్లుబాటును టీడీశాట్ విచారించలేదని 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. వాటికి హైకోర్టుకే వెళ్లాలి. ఒక కంపెనీకి ఇచ్చిన ఆదేశం, అందరికీ వర్తించే రెగ్యులేషన్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. దారులు మాత్రం వేరు.

ఇక అసలు సంగతి. అప్పీల్లో తీర్పు చెప్పేది వేరేవాళ్లు. పునఃపరిశీలనలో ఆ ఉత్తర్వు రాసినవాళ్లే మళ్లీ చూస్తారు. నువ్వు రాసే ప్రతి వాక్యమూ ఈ సంగతి ఎరిగి రాయాలి. సీఆర్‌టీసీ ఈ విషయంలో దాపరికం లేకుండా చెబుతుంది: ఉత్తర్వు సరైనదేనా అని గట్టి అనుమానం కలిగించాలి. అందుకు అది ఉదాహరించే కారణాలు నాలుగు. చట్టంలోనో వాస్తవంలోనో పొరపాటు దొర్లడం, తర్వాత పరిస్థితులు మౌలికంగా మారడం, విచారణలో లేవనెత్తిన ముఖ్యసూత్రాన్ని పట్టించుకోకపోవడం, ఆ ఉత్తర్వు వల్లే కొత్త సూత్రం పుట్టుకురావడం. మీ దగ్గర నిబంధనలు ఇంత వివరంగా లేకపోయినా, వీటిలో ఒక్కదాంట్లోనూ ఇమడని వాదన నిలబడటం కష్టం. నీ అర్జీలో మొదటి ఎనిమిది పేజీలూ అలాంటివే.

పెన్సిల్ పట్టుకుని ఉత్తర్వు మళ్లీ చదువు. ఎవరేమన్నారో చెప్పే పేరాలుంటాయి, వాటిలో సంస్థ ఏది నమ్మిందో చెప్పేవి ఉంటాయి, చివర ఆదేశాలుంటాయి. నమ్మినదానికీ ఆదేశానికీ మధ్య అతుకు ఎక్కడ సరిగ్గా పడలేదో అక్కడ గీత గియ్యి. ఆ సంస్థే వేసిన పాత పత్రాలు, గణాంకాలు, వేరే ఉత్తర్వులు పక్కన పెట్టుకో. నీ మాట కన్నా దాని సొంత మాట దానికి బాగా వినపడుతుంది.

ఇండియాలో కాల్ డ్రాప్ కేసే చూడు. తెగిపోయిన ఒక్కో కాల్‌కి ఒక రూపాయి చొప్పున, రోజుకి మూడు కాల్స్ దాకా ఆపరేటర్ కస్టమర్ ఖాతాలో వెయ్యాలని 2015 అక్టోబరులో ట్రాయ్ రెగ్యులేషన్ తెచ్చింది. 2016 జనవరి 1 నుంచి అమలన్నారు. ఆ ఏడు మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తెగిన కాల్స్ సగటున 2 శాతం దాటకపోతే ప్రమాణం పాటించినట్టేనని అప్పటి ట్రాయ్ నాణ్యత నిబంధనలే చెప్పాయి. కస్టమర్ వైపు కారణాలవల్లా కాల్స్ తెగుతాయని ట్రాయ్ 2015 నవంబరులో వేసిన సాంకేతిక పత్రమే ఒప్పుకుంది. మరి ప్రతి తెగిన కాల్‌కీ తప్పు ఆపరేటర్‌దేనన్నట్టు డబ్బు కట్టించడం ఎలా కుదురుతుంది? ఆ ఫలితం నాకు నచ్చలేదు, అది వేరే మాట. కానీ కంపెనీల లాయర్లు ట్రాయ్ కాగితాలతోనే ట్రాయ్‌ని ఎలా నిలదీశారో చదివి నేర్చుకోవాల్సిందే.

నీ కేసులో అలాంటిది ఉంది, నువ్వే చూసుకోలేదు. కస్టమర్లలో చాలామంది కొత్త ఫోన్లకు మారిపోయారని ఉత్తర్వు అంటోంది. ఆ లెక్క ఫోన్లది. లిఫ్టుల్లో అలారాలు, వయసు మళ్లినవాళ్లు మెడలో వేసుకునే అత్యవసర బటన్లు ఫోన్లు కావుగా? వాటిలోనూ సిమ్ ఉంటుంది, అవి మార్చాలంటే మనిషి వెళ్లి పరికరమే మార్చాలి. ఈ సంగతిని తొమ్మిదో పేజీ ఫుట్‌నోట్‌లో పడేశావు! అదే మొదటి పేజీలోకి రావాలి. ఇది ఇంతకుముందు ఎందుకు చెప్పలేదని అడుగుతారు కాబట్టి జవాబూ అక్కడే రాయి. మామూలు జాగ్రత్తతో అప్పుడే తెలుసుకోగలిగిన విషయాన్ని ఇప్పుడు తెస్తే ఎఫ్‌సీసీ లాంటి సంస్థలు వినవు.

అడిగేది చిన్నదిగా ఉండాలి. ఉత్తర్వు మొత్తం రద్దు చెయ్యమంటే వాళ్లు పరువు కోసం పట్టుబడతారు. ఫలానా పేరాలో అత్యవసర పరికరాలకు పాత నోటీసు గడువే ఉంచండి అని అడిగి, మార్చిన వాక్యం నువ్వే రాసివ్వు. ఈ సమాచారం అప్పటికి సంస్థ ముందు లేదు అన్నది నిజమైతే ఆ ముక్క తప్పకుండా పెట్టు. వాళ్లు గౌరవంగా వెనక్కి తగ్గడానికి దారి ఇచ్చినట్టవుతుంది. కంపెనీలకు అమ్ముడుపోయారన్న పేరా మాత్రం పీకెయ్యి. ఋజువుంటే దానికి వేరే చోటుంది, లేకపోతే అసలే వద్దు.

సంతకాలు సేకరిద్దామా అన్నావు. సేకరించు, కానీ వాటి పని ఎంతవరకో తెలుసుకో. 2011లో కెనడాలో వాడకాన్ని బట్టి ఇంటర్నెట్ బిల్లు వేసే పద్ధతి మీద లక్షలమంది సంతకాలు పెట్టారు, ప్రభుత్వం కదిలింది, సీఆర్‌టీసీ తన నిర్ణయాన్ని తనే మళ్లీ తెరిచింది. అయితే నవంబరులో వచ్చిన కొత్త విధానం నెట్‌వర్క్ సామర్థ్యాన్ని బట్టి రేటు అన్న లెక్క మీద నిలబడింది. సంతకాలతో తలుపు తెరుచుకుంది, లోపల మాట్లాడింది లెక్కలే.

ఇంకో జాగ్రత్త. ఈ తలుపు అవతలివాళ్లకూ తెరిచే ఉంటుంది. 2019 ఆగస్టులో చిన్న ఇంటర్నెట్ కంపెనీలు పెద్ద కంపెనీలకు కట్టే హోల్‌సేల్ రేట్లను సీఆర్‌టీసీ బాగా తగ్గించింది. పెద్ద కంపెనీలు కోర్టుకీ, మంత్రివర్గానికీ, సీఆర్‌టీసీకీ మూడుచోట్లా వెళ్లాయి. కోర్టులో ఓడాయి. 2021 మేలో సీఆర్‌టీసీయే తన 2019 రేట్లు సరైనవేనా అని అనుమానం ఉందంటూ దాదాపు పాత రేట్లకే తిరిగి వెళ్లింది. కాబట్టి ఇప్పటి ఉత్తర్వులో మీకు అనుకూలంగా ఉన్న పేరాలేవో ముందు రాసుకో. వాటిని తాకేలా ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. నువ్వు ఒక చోట తవ్వితే కంపెనీ లాయరు పక్కన తవ్వుతాడు.

మళ్లీ రాసిన ప్రతి పంపేటప్పుడు ఉత్తర్వు పూర్తి పాఠం, విచారణలో మీరు వేసిన వ్యాఖ్యలు, కంపెనీ ఇచ్చిన జవాబులు కలిపి పంపు. లిఫ్టులు నిర్వహించేవాళ్ల దగ్గర్నుంచి ఒక అఫిడవిట్ తీసుకో. ఒక్క అలారం మార్చడానికి ఎంత సమయం పడుతుందో, ఎంతమంది మనుషులు కావాలో అందులో ఉండాలి. గడువుకి వారం ముందే నా చేతికి అందేలా చూడు.

మీ పెదనాన్న