డిటెక్టర్‌లో కనిపించే పవరే ఎఫిషియెన్సీనా?

మీరు అడిగింది ఇదీ: జీమాక్స్ (లెన్స్‌లు, లైట్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) నాన్ సీక్వెన్షియల్ మోడ్‌లో, అంటే కిరణాలు వస్తువులకి ఏ క్రమంలోనైనా తగలగలిగే మోడ్‌లో, 1 వాట్ ఎల్‌ఈడీ, దాని ముందు కోటింగ్ లేని లెన్స్ ఒకటి, చివర పడిన వెలుగుని కొలిచే డిటెక్టర్. టోటల్ పవర్ ఒకసారి 0.93, ఇంకోసారి 1.04 వాట్లు వస్తోంది. ఎఫిషియెన్సీగా (ఇచ్చిన వెలుగులో చేరిన వాటాగా) ఏది నమ్మాలి?

రెండూ నమ్మొద్దు. ఇచ్చిన 1 వాట్ కంటే ఎక్కువ రావడం ఎలాగూ కుదరదు. రే ట్రేస్‌కి (కిరణాల దారి లెక్కగట్టడానికి) ముందు డిటెక్టర్‌ని క్లియర్ చేయకపోతే పాత పవర్ మీద కొత్తది కలుస్తుంది. అది కాకపోతే డిటెక్టర్ మెటీరియల్ గడి చూడండి. ఖాళీగా వదిలితే కిరణాలు డిటెక్టర్‌ని దాటిపోతాయి, వెనక దేనికో తగిలి తిరిగొస్తే మళ్లీ లెక్కలో పడతాయి. చివరి డిటెక్టర్‌కి నేనెప్పుడూ అబ్జార్బ్ (పడినదంతా పీల్చేసుకునేది) అనే ఇస్తాను.

ఇక 0.93. చూడ్డానికి బుద్ధిగా ఉంది కానీ నాకు దీని మీదే ఎక్కువ అనుమానం. వక్రీభవన గుణకం 1.5 ఉన్న గాజు మీద నిటారుగా పడే వెలుగులో 4 శాతం ప్రతి ఉపరితలం దగ్గరా వెనక్కి పోతుంది. రెండు ఉపరితలాలు దాటాక మిగిలేది దాదాపు 92 శాతం. ఎల్‌ఈడీ కిరణాలు ఏటవాలుగా కూడా పడతాయి కాబట్టి ఇంకా తగ్గాలి. అంటే బహుశా మీరు ‘యూజ్ పోలరైజేషన్’ టిక్ చేసి ఉండరు. అది లేకపోతే ఫ్రెనెల్ నష్టాలు (ఉపరితలాల దగ్గర వెనక్కి పోయే వెలుగు), గాజు పీల్చుకునే వెలుగు లెక్కలోకే రావు. సందేహం ఉంటే లెన్స్ తీసేసి, మామూలు గాజు పలక పెట్టి, సమాంతర కిరణాలు పంపండి. 92 దగ్గర రాకపోతే సెట్టింగ్స్ తప్పు. కొత్త ఫైల్ మొదలుపెట్టినప్పుడల్లా నేను ముందు చేసే పని ఇదే.

రే స్ప్లిటింగ్ (ఉపరితలం దగ్గర కిరణం రెండుగా చీలడం) కూడా ఆన్ చేస్తే ట్రేస్ అయ్యాక లాస్ట్ ఎనర్జీ (లెక్కలోంచి జారిపోయిన శక్తి) అంకెలు రెండూ చదవండి. థ్రెషోల్డ్స్ కింద పోయింది మరీ నీరసించి సాఫ్ట్‌వేర్ వదిలేసిన కిరణాలది. ఎర్రర్స్ కింద పోయింది జామెట్రీ తప్పుల వల్ల. రెండోది పెద్దగా ఉంటే, ఎల్‌ఈడీ రే ఫైల్‌లోని (ఎల్‌ఈడీ కిరణాల జాబితా ఉన్న ఫైల్) కిరణాలు లెన్స్ లోపలి నుంచి మొదలవుతున్నాయేమో చూడండి.

వెలుగు జమాఖర్చు తేలాలంటే మొత్తం సిస్టమ్ చుట్టూ అబ్జార్బ్ డిటెక్టర్లతో పెట్టెలా కట్టండి. వాటి మొత్తం, గాజు పీల్చుకున్నది, పోయింది అన్నీ కలిపితే 1 వాట్ రావాలి. ఇలా చూసినప్పుడు లెన్స్ అంచుల నుంచి పక్కకి కారే వెలుగు చాలాసార్లు నన్ను ఆశ్చర్యపరిచింది.

కిరణాల సంఖ్య గురించి టెన్షన్ వద్దు. 1,00,000 కిరణాల్లో సగం చేరితే మొత్తం ఎఫిషియెన్సీలో గణాంక దోషం సుమారు 0.16 శాతం పాయింట్లే (అంటే 50 శాతానికి 0.16 అటూ ఇటూ). కోట్ల కిరణాలు కావాల్సింది డిటెక్టర్ మీద ఎక్కడెంత వెలుగు పడిందో చూపే పిక్సెల్ మ్యాప్‌కి. పిక్సెల్‌కి 100 కిరణాలు పడితే 10 శాతం నాయిస్ ఉంటుంది, దాన్ని సగం చేయాలంటే 4 రెట్లు పంపాలి.

రిపోర్ట్‌లో మాత్రం శాతం ఒక్కటే రాసి వదిలేయకండి. దేనితో భాగించారు, ఎల్‌ఈడీ మొత్తం వెలుగుతోనా, లెన్స్‌కి చేరినదానితోనా? ఎంత కోణంలో పడినది లెక్కపెట్టారు? డిటెక్టర్ పెద్దది చేస్తే చాలు, డిజైన్ మారకుండానే శాతం పెరుగుతుంది. మా దగ్గర రివ్యూల్లో సగం వాదన దీని మీదే నడుస్తుంది.

ఇవన్నీ సరిచూశాక కూడా 1 వాట్ దాటితే లాస్ట్ ఎనర్జీ అంకెలు, డిటెక్టర్ సెట్టింగ్స్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.